గిద్ద, సోల, తవ్వ: మా ఊరి మ్యూజియంలో రెండున్నర నెలలు

నమస్తే అండి అందరికీ. ఇన్నాళ్లూ మెల్‌బోర్న్‌లో మా ఇల్లు, మా ట్రామ్, మా పెరట్లో కరివేపాకు చెట్టు చూశారు. ఈసారి అంతా మా అత్తగారి ఊరే. నెల్లూరులో పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) వైపు పోతే కాలవ పక్కన వస్తుంది. నవంబరు మధ్యలో దిగాం, జనవరి ఆఖరు దాకా ఉన్నాం. తిరిగొచ్చాక ఫోన్లో ఉన్న వీడియోలన్నీ ముందేసుకుని కూర్చుంటే, సగానికి పైగా ఈ ఒక్క పెంకుటింట్లోనే తీసినవి ఉన్నాయి. అందుకే ఈ వ్లాగ్ మొత్తం ఈ ఇంటి గురించే.

ఇది మా ఊరి మ్యూజియం. బయట బోర్డు కూడా పెద్దదేం కాదు. రెండు తిన్నెలు, మధ్యలో తలుపు, లోపల మూడు గదులు, వెనక పెరడు. ఊళ్లో అందరికీ చదువు చెప్పి రిటైరైన సారు ఒకాయన ఉన్నారు, ఇల్లు ఆయనది. లోపలికి రాగానే ఎడమ గోడ చూడండి. నా నడుం కంటే కాస్త పైన ఎర్ర పెయింటుతో గీత ఉంది కదా? 2021 నవంబరులో నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. పైనుంచి సోమశిల డ్యాముకు వరద, అక్కడ నుంచి పెన్నకు వరద. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మేం అప్పుడు మెల్‌బోర్న్‌లో కూర్చుని, అత్తమ్మ ఫోను కలవక రెండు రాత్రులు నిద్రపోలేదు.

నీళ్లు తీశాక జనం ఇళ్లు కడుక్కుంటూ, తడిసిందంతా రోడ్డు మీద పడేశారు. పరుపులు, పుస్తకాలు సరే. వాటితో పాటు అటకల మీద ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనివి కూడా బయటపడ్డాయి. ధాన్యం కొలిచే కుంచాలు, కవ్వాలు, ఎద్దుల మెడ పట్టెళ్లు, బావిలో నీళ్లు తోడే కపిల బాన (తోలు ఊడిపోయింది), ఫొటో ఫ్రేములు. ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోయేలోపు సారు ఇద్దరు పిల్లకాయల్ని వెంటేసుకుని, తోపుడు బండి మీద ఒక్కొక్కటీ ఇంటికి తెచ్చుకున్నారు. ఈ మ్యూజియం అలా మొదలైంది.

ఇక్కడ టికెట్టు లేదు, ఒక నియమం మాత్రం ఉంది. వస్తువు తెచ్చిచ్చినవాళ్లు దాని పేరేంటో, దాంతో ఏం చేసేవాళ్లో నోటితో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాస్తారు. పుస్తక భాషలోకి మార్చరు. ఇదిగో, కపిల బాన దగ్గరున్న చీటీ చదువుతాను: "దీంతో బాయిలో నీళ్లు తోడేది. తొండం తోలుది, ఎండితే పగుల్తది, నూనె పెట్టాల. రెండెద్దులు కావాల. పాట పాడకపోతే ఎద్దులు కదలవు." అంతే. ఈ చీటీ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మెల్‌బోర్న్‌లో పెద్ద పెద్ద మ్యూజియాలు చూశాను, చక్కటి అక్షరాలతో పెద్ద పెద్ద వివరాలు రాసుంటాయి. ఎద్దులు పాట కోసం ఆగేవన్న సంగతి, ఆ పాట పాడిన మనిషి నోట్లోంచి తప్ప ఎక్కడ నుంచి వస్తుంది చెప్పండి?

రెండు వారాలకొకసారి, ఆదివారం పూట ఒక కార్యక్రమం పెడతారు. మేం ఉన్నప్పుడు ఐదు జరిగాయి. మొదటిది ఫొటోల రోజు. తడిసి అంటుకుపోయిన ఫొటోల్ని తీగ మీద క్లిప్పులతో వేలాడదీసి, ఎవరెవరో గుర్తుపట్టమన్నారు. నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటున్న ఆడవాళ్ల ఫొటో ఒకటుంది, మొహాలు సగం కరిగిపోయాయి. చీర అంచు చూసి "ఇది మా పిన్నమ్మే" అని ఒకావిడ అక్కడే కూర్చుండిపోయింది. ఆ వీడియో నేను పెట్టడం లేదు, ఆవిడ వద్దన్నారు.

ఇంకో ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని పల్లిపాడు వెళ్లొచ్చాం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం, పెన్న ఒడ్డునే. నెల్లూరుకి ఇంత దగ్గర. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్లలు చెట్ల కింద ఆడుకున్నారు. పెద్దవాళ్లు పొణకా కనకమ్మగారి గురించి, ఆవిడ 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం పెట్టిన కస్తూరిదేవి విద్యాలయం గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. వచ్చినవాళ్లలో నలుగురు ఆ బడిలో చదివినవాళ్లే.

ఎద్దుల రోజు మా అబ్బాయికి నచ్చింది. వాడికి నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. మెల్‌బోర్న్‌లో మా పక్కింటివాళ్లు బ్రెజిల్ నుంచి వచ్చారు. మాది నెల్లూరు అని మొదటిసారి చెప్పినప్పుడు ఆయన పగలబడి నవ్వి, "నెలోరె అంటే మా దేశంలో ఆవు" అన్నాడు. నిజమే మరి. 19వ శతాబ్దంలో మన ఒంగోలు గిత్తలు ఓడలెక్కి అక్కడికి పోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరే పడింది, ఇప్పుడు అక్కడి మందల్లో ఎక్కువ భాగం ఆ జాతే. మావాడు ఒంగోలు గిత్త మూపురం మీద చెయ్యేసి, పక్కింటి అంకుల్‌కి పంపమని ఫొటో తీయించుకున్నాడు.

ఇక కొలతల రోజు. దీనికి టైం తీసుకుంటాను, ఓపిగ్గా వినండి.

అది సంక్రాంతి వెళ్లిన ఆదివారం. వేరే జిల్లాల్లో సంక్రాంతికి ధాన్యం ఇంటికొస్తుంది. మా దగ్గర అప్పటికి పొలాల్లో నాట్లు పచ్చగా నిలబడి ఉంటాయి, పెద్ద పంట కోతలు మార్చి, ఏప్రిల్‌లో. అందుకని గాదెలో మిగిలిన పాత వడ్లు రెండు బస్తాలు తెచ్చి తిన్నె ముందు పట్ట మీద కుప్ప పోశారు. ఎనభై దాటిన పెద్దాయన ఒకరు తలగుడ్డ చుట్టుకుని కుప్ప ముందు కూర్చున్నారు. చేతిలో ఇనప కుంచం. చుట్టూ పిల్లకాయలు, వాళ్ల వెనక అమ్మలు, అమ్మల వెనక మగవాళ్లు.

పెద్దాయన కుంచం కుప్పలోకి దించి నింపారు. అరచేత్తో అంచు మీద ఒక్కసారి అలా రాశారు, మిగిలిన గింజలు జారిపోయాయి. కుంచాన్ని గోతాంలోకి వంచుతూ గట్టిగా "లాభం" అన్నారు. రెండో కుంచం, "రెండు". మూడోది, "మూడు".

మా పాప చెయ్యెత్తింది. "తాతా, వన్ ఏది? ఒకటి మర్చిపోయారు."

"మర్చిపోలేదమ్మా. కళ్లంలో ఒకటి అనం. మొదటి కుంచం లాభమే. ఒకటంటే ఒంటరిది గదా, ధాన్యం ఒంటరిగా ఉండకూడదు."

తర్వాత సారు బల్ల మీద కొలపాత్రలు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పెట్టించారు. గిద్ద, అరసోల, సోల, మానిక, కుంచం. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పిల్లలు నీళ్లతో పోసి చూసుకున్నారు, కింద అంతా బురదైంది. అయితే పుట్టికి గిద్దలెన్ని అని సారు అడిగారు. ఫోన్లు తియ్యొద్దన్నారు. మా పాప నేల మీద సుద్దతో లెక్క వేసి 5,120 అని అరిచింది. సరైనదే. ఇప్పుడు మా నెల్లూరు జిల్లాలో వడ్ల బేరం పుట్టి లెక్కనే సాగుతుంది, పుట్టి అంటే 850 కిలోలు. కాటా వచ్చేసింది, కుంచం అటకెక్కింది, పుట్టి అనే మాట మాత్రం మిగిలింది.

ఈ రోజునే మొలగొలుకుల మాట కూడా వచ్చింది. ఒకప్పుడు నెల్లూరు బియ్యం అంటే అవే. అన్నం ఉడికితే వీధి చివరికి వాసనొచ్చేదని ఒకావిడ చెబితే, పక్కావిడ "నీకు ఆకలేసి వాసనొచ్చిందిలే" అంది, అందరూ నవ్వారు. పులిబొంగరాలు, టీ వచ్చాయి. ఆ పూటకి అయిపోయింది.

ఐదోది అక్షర దీపం రాత్రి. ఇది మా ఇంట్లో సంగతి కూడా.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతటా పెద్దవాళ్లకి రాత్రి బడులు నడిచాయి, దాని పేరు అక్షర దీపం. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల కూలిపోయిన ఒక ఇంటి కథ. అది చదివాక మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు, ఊళ్లోకి సారా రానివ్వబోమని అడ్డం నిలబడ్డారు. వాళ్లలో ముందున్న రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి అంటుకుని, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఇంతవరకు నాకు తెలుసు, చదివాను.

ఆ రాత్రి మ్యూజియంలో కరెంటు దీపాలు తీసేసి లాంతర్లు పెట్టారు, రాత్రి బడి ఎలా ఉండేదో అలా. నేను కెమెరా పట్టుకుని మూలన కూర్చున్నాను. సారు బల్ల మీద ఒక పలక పెట్టారు. మార్కాపురం పలకే, అసలు రాతిది, చుట్టూ చెక్క చట్రం. ఒక మూల విరిగి, రేకు ముక్కతో మేకులు కొట్టి ఉంది. వరదప్పుడు దొరికిందట. ఇది ఎవరిదో తెలియక చీటీ ఖాళీగా ఉంది, గుర్తుపడితే చెప్పండి అన్నారు.

మా అత్తమ్మ లేచి వెళ్లింది. పలక చేతిలోకి తీసుకుని రేకు ముక్క మీద బొటనవేలు పెట్టి చూసింది. "ఇది నాదే సారూ. ఈ రేకు మా ఆయన కొట్టింది, పాల డబ్బా కోసి."

పద్నాలుగేళ్లుగా నేను ఆ ఇంటి కోడల్ని. అత్తమ్మ రోజూ పేపరు చదువుతుంది, మందుల చీటీ చదువుతుంది, నాకు వాట్సాప్‌లో తెలుగులో మెసేజ్ పెడుతుంది. చిన్నప్పుడు బడికి పోయిందనే అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

"ముందు నా పేరు నేర్చుకున్నా," అంది అందరి ముందు. "బియ్యం కార్డు కాడ ఏలిముద్ర ఎయ్యమంటే చెయ్యి ఎనక్కి లాక్కునేదాన్ని, సిగ్గు. పేరు వచ్చినాక సీతమ్మ పాఠం చెప్పారు. ఆ పాఠం చదివిన రాత్రి మా వీధిలో ఆడోళ్లం ఎవరం నిద్రపోలా. పక్కింటామె మొగుడు కూలి డబ్బులన్నీ సారా కొట్లోనే పెట్టేవాడు, పిల్లకాయలు మా ఇంట్లో తినేవాళ్లు. తర్వాత సారా వేలంపాట ఆపాలని నెల్లూరికి పోయినాం. ఎండలో కూర్చున్నాం. నేను బోర్డు మీద అక్షరాలు చదివి పక్కోళ్లకి చెప్పినా. అంతమందిలో నేను చదివి చెప్పినా."

సారు చీటీ, పెన్ను తీశారు. రాయబోయి ఆగి, పెన్ను అత్తమ్మకే ఇచ్చారు. "మీరే రాయండమ్మా."

అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని, లాంతరు దగ్గరికి జరిగి, నిదానంగా రాసింది. ఇదిగో ఇప్పుడు జూమ్ చేస్తున్నాను, చూడండి. మొదటి లైన్లో ఆమె పేరు ఉంది, ఆ భాగం మాత్రం నేను వేలితో మూశాను. రెండో లైను: "దీని మీద రాయడం నేర్చుకున్నాను." మూడోది: "రేకు మా ఆయన కొట్టినాడు." మామయ్య పోయి ఆరేళ్లయింది. ఇంటికి వచ్చేటప్పుడు పాప అవ్వ చెయ్యి పట్టుకుని ముందు నడిచింది, ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు, నేను వినాలని దగ్గరికి పోలేదు కూడా.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది, అందుకే వ్లాగ్ చివర్లో పెట్టాను. కొలతల వరస చెప్పినప్పుడు మీలో కొందరు పట్టుకునే ఉంటారు. బల్ల మీద సోల తర్వాత నేరుగా మానిక ఉంది. తవ్వ లేదు. ఊరంతా వెతికారు, దొరకలేదు. కోవూరు, బుచ్చి, కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడైనా సరే, మీ అటక మీదో, మీ జేజి వంటింటి మూలనో ఇత్తడిదో ఇనపదో తవ్వ ఉంటే కింద కామెంట్లో చెప్పండి, ఎలా చేర్చాలో నేను సారుని అడిగి చెబుతాను. దాంతో ఏం కొలిచేవాళ్లో ఇంట్లో పెద్దవాళ్లని ముందే అడిగి ఉంచండి. చీటీ రాయాలి కదా.

మార్చిలో కోతలప్పుడు కపిల బానకి కొత్త తోలు వేయిస్తున్నారు. పాట వచ్చిన పెద్దాయన ఒప్పుకున్నారు, ఎద్దులు ఇంకా దొరకలేదు. మేం అప్పటికి అక్కడ ఉండం. అత్తమ్మ వీడియో కాల్ చేస్తానంది.