నల్లగొండ మిద్దె మీద విజయవాడ రేడియో: చలికాలపు ఎఫ్‌ఎం వింత వెనుక గాలి సంగతి

(దృశ్యం: నల్లగొండలో ఒక ఇంటి మిద్దె. డిసెంబరు నెల, తెల్లవారుజాము. పిట్టగోడ మీద చిన్న రేడియో.)

ఈ రేడియో ముల్లు 102.2 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. మామూలు రోజుల్లో ఇక్కడ గరగర శబ్దమే ఎక్కువ. ఈ ఉదయం మాత్రం విజయవాడ ఆకాశవాణి రెయిన్‌బో కేంద్రం పక్క వీధి నుండి పలుకుతున్నంత స్పష్టంగా వినిపిస్తున్నది. నేరుగా గీత గీసి కొలిచినా విజయవాడ ఇక్కడికి దాదాపు 160 కిలోమీటర్లు. ఇటువంటప్పుడు చాలామంది రేడియో పాడైందనో, ఆ కేంద్రం వారు శక్తిని పెంచారనో అనుకుంటారు. రెండూ కారణాలు కావు. రాత్రి మన తలల మీద గాలి ఏ వరుసలో పేరుకున్నదో ఆ గొంతు మనకు చెబుతున్నది.

(దృశ్యం: వంపు తిరిగిన నేల మీద ఒక టవరు, ఒక ఇల్లు.)

ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు నేరుగా ప్రయాణిస్తాయి, భూమేమో వంగి ఉంటుంది. 100 మీటర్ల ఎత్తున్న టవరు నుండి బయలుదేరిన తరంగం సుమారు 41 కిలోమీటర్ల దూరంలో నేలను ఒరుసుకుంటుంది. 9 మీటర్ల ఎత్తున ఉన్న మిద్దె మీది ఏరియల్ ఆ దూరానికి మరో 12 కిలోమీటర్లు కలుపుతుంది. ఆ హద్దు దాటాక సంకేతం వేగంగా సన్నగిల్లుతుంది. పెద్దవాళ్లు దీనిని ఒకప్పుడు రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో సిలోన్ రేడియో వినిపించడంతో పోలుస్తారు గానీ, అది వేరే సంగతి. షార్ట్‌వేవ్ తరంగాలను ఎంతో ఎత్తున ఉన్న అయనావరణం (విద్యుదావేశం గల గాలి పొర) కిందికి తిప్పి పంపుతుంది. ఎఫ్‌ఎం తరంగాలు సాధారణంగా దానిని చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతాయి. కాబట్టి మనం వెతకవలసిన కారణం అంత ఎత్తున లేదు.

(దృశ్యం: వాకిట్లో నీళ్ల కాగు కింద మంట. పొగ తాటిచెట్ల ఎత్తుకు లేచి, అక్కడి నుండి అడ్డంగా పరుచుకుంటున్నది.)

ఈ పొగను గమనించండి. సాధారణంగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున. మబ్బు లేని, గాలి కదలని చలి రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి, తనను ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. అప్పుడు చల్లని బరువైన గాలి కిందా, వెచ్చని గాలి పైనా నిలుస్తాయి. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొగ ఆ వెచ్చని పొరను దాటలేకనే పక్కలకు పాకుతున్నది.

చల్లని, తేమ గల గాలిలో రేడియో తరంగం వేగం కొద్దిగా తక్కువ. వెచ్చని పొడి గాలిలో కొద్దిగా ఎక్కువ. జోడెడ్లలో ఒకటి వడిగా, మరొకటి మెల్లగా నడిస్తే బండి మెల్లగా నడిచే ఎద్దు వైపుకే మళ్లుతుంది కదా. అదే విధంగా, పై అంచు వడిగా, కింది అంచు మెల్లగా సాగే తరంగం నేల వైపుకు వంగుతుంది. ఆ వంపు భూమి వంపు కంటే ఎక్కువైనప్పుడు తరంగం బయటికి పోలేక, కాలువలో నీరు సాగినట్టు ఆ పొరల మధ్యనే వందల కిలోమీటర్లు సాగుతుంది. ఇంజనీర్లు దీనిని డక్ట్ అంటారు.

అయితే ప్రతి చలి ఉదయమూ విజయవాడ వినిపించదు. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అంత పొడవైన దానిని పట్టి ఉంచాలంటే డక్ట్ మందం దాదాపు 200 మీటర్లయినా ఉండాలి. తాటిచెట్టు ఎత్తున ఏర్పడిన పలుచని పొర చాలదు. అధిక పీడనం వల్ల పై గాలి రోజుల తరబడి నెమ్మదిగా కిందికి దిగుతూ, వేడెక్కుతూ, పొడిబారినప్పుడు మందమైన పొర ఏర్పడడానికి మంచి అవకాశం. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర హైవేను కప్పే పొగమంచును చూసి అదే రేడియోను మోసుకొచ్చిందని అనుకోవడం కూడా పొరపాటే. అటువంటి రాత్రే రెండింటికీ తల్లి. నిజానికి దట్టమైన మంచు కురిస్తే గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారి, డక్ట్ బలహీనపడవచ్చు కూడా.

(దృశ్యం: ఎండ ఎక్కిన మిద్దె. రేడియోలో గొంతు తేలుతూ మునుగుతూ ఉంది.)

నేల వేడెక్కి గాలి కలగాపులగం కాగానే ఈ దారి మూసుకుంటుంది. కొన్నిసార్లు నిమిషాలలోనే. అందుకే వినేవారు పొద్దు పొడవకముందే సిద్ధంగా ఉండాలి. రేడియో ఏరియల్‌ను సుమారు 75 సెంటీమీటర్లకు లాగండి. అది తరంగం పొడవులో నాలుగో వంతు.

ఇక వినిపించినది ఏ ఊరో తేల్చడం అన్నిటికంటే కష్టమైన పని. రేడియో మిర్చి 98.3 మీద హైదరాబాదులోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. రేడియో సిటీ 91.1 మీద హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ ఉంది. ఒకే చోటికి రెండు సంకేతాలు వస్తే ఎఫ్‌ఎం రేడియో బలమైన దానిని పట్టుకుని రెండవదానిని అణచివేస్తుంది కాబట్టి, పాట మధ్యలో ఊరు మారిపోయినా తెలియకపోవచ్చు. ఆకాశవాణి రెయిన్‌బో బెంగళూరులో 101.3, చెన్నైలో 101.4, ముల్లు ఉన్న రేడియోలో ఈ రెండూ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. అక్కడ కన్నడం వినిపించిందా, తమిళం వినిపించిందా అన్నది మొదటి ఆధారం. తెలుగు కేంద్రమైతే పాటలను వదిలేసి ప్రకటనలు వినండి: బట్టల దుకాణం బెసెంట్ రోడ్డులో ఉందని చెబితే అది విజయవాడ. తేదీ, సమయం, అంకె, విన్న మాటలు అప్పటికప్పుడే రాసుకుని, కేంద్రం తన పేరు తాను చెప్పుకునే వరకు ముల్లును కదపకండి.