బొంత మూల మీద ఒక పేరు

(కాకినాడలో ఒక మహిళా కళాశాల హోమ్ సైన్స్ విద్యార్థినుల ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన ప్రిన్సిపాల్ గారికి, పిల్లల్ని తోడ్కొని వచ్చిన తల్లిదండ్రులకు, ఈ ప్రదర్శన కోసం రాత్రిళ్లు మేలుకుని పనిచేసిన అమ్మాయిలకు నా కృతజ్ఞతలు. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. చెప్పాల్సింది అంతకన్నా ఎక్కువే ఉంది, అందుకని మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను.

ఇందాక హాలంతా తిరిగి చూశాను. సింగర్ కుట్టుమిషన్ ఇనప కాళ్ల మీద పాత తలుపు చెక్క వేసి రాసుకునే బల్ల చేశారు. కిటికీ చట్రానికి అద్దం బిగించారు. రేకు ట్రంకుపెట్టె మూతకి మెత్త కుట్టి కూర్చునే ఆసనం చేశారు. నాకున్న అలవాటు కొద్దీ ప్రతిదాన్నీ వెనక్కి తిప్పి చూశాను. కనిపించని వైపు కూడా నున్నగా ఉంది. మేకు కొస ఒక్కటీ బయటికి రాలేదు. పని నేర్చుకున్న చేతులు ఇవి.

అయితే ఆ బల్ల దగ్గర నిలబడ్డ అమ్మాయిని అడిగాను, "ఈ తలుపు ఎవరింటిదమ్మా?" అని. "పాత సామాను కొట్లో కొన్నామండీ" అంది. "ఏ ఊరి నుంచి వచ్చిందో కొట్టువాణ్ని అడిగారా?" అంటే "లేదండీ" అంది. ఆ అమ్మాయిని తప్పు పట్టను. ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నేను ఈవేళ చెప్పదలుచుకున్నది అదొక్కటే. పాతవాటిని మార్చండి, తప్పకుండా మార్చండి. మార్చే ముందు అది ఎవరిది, ఏ ఊరిది, ఎవరి చేతి పని అని అడగండి. తెలిసినంత రాసి దానికే కట్టండి. ముందు చెక్క, తర్వాత గుడ్డ, ఆ తర్వాత ఇత్తడి, ఈ వరసలో మాట్లాడతాను.

మన జిల్లాలో పాత ఇళ్ల కలప కొంత గోదావరి మన్యం టేకు, కొంత ఓడల మీద రంగూన్ నుంచి వచ్చిన బర్మా టేకు. బర్మా అడవుల్లో టేకు చెట్టుని ఒక్కసారిగా కొట్టేసేవాళ్లు కాదు. మొదలు దగ్గర చుట్టూ బెరడు ఒలిచి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చేవాళ్లు. పచ్చి టేకు దుంగ నీళ్లలో మునిగిపోతుంది, ఎండితేనే తేలుతుంది. అప్పుడు నరికి, ఏనుగుల చేత ఏటి దాకా లాగించి, తెప్పలు కట్టి ఐరావతీ నది మీద వదిలేవాళ్లు. అక్కడి నుంచి కలప ఇటొచ్చింది. ఇటునుంచి మన మనుషులు అటు వెళ్లారు. మన కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగు కూలీల్ని కోరంగీలు అని పిలిచేవాళ్లు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగినప్పుడు వాళ్లలో ఎంతోమంది ఉన్నదంతా వదిలేసి, కొండల్లో అడవుల్లో నడిచి వెనక్కి వచ్చారు. ఇక్కడ మండువా లోగిలి పడగొట్టినప్పుడు తలుపుని కట్టెల లెక్కన తూచి అమ్మేస్తున్నారు. ఎవరింట్లో పాత ఇల్లు పడగొట్టే ఆలోచన ఉంది? చేతులెత్తండి. చూశారా, ఎంతమందో. దయచేసి కూల్చే ముందు ఒక్క పూట ఆగండి. ద్వారబంధం, స్తంభాలు, దూలాలు ఎక్కడివి ఎక్కడున్నాయో ఫోటోలు తీయండి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఆ వడ్రంగి ఎవరో, ఏ ఊరివాడో అడగండి. వాళ్లున్నప్పుడే అడగాలి.

పనిచేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. రంపం పెట్టే ముందు చెక్క మీద అయస్కాంతం నడిపించండి, లోపల విరిగిపోయిన మేకులు ఉంటాయి. రెండోది ప్రాణానికి సంబంధించింది. పాత తలుపుల మీది రంగులో సీసం ఉండొచ్చు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతుందో మనం చెప్పలేం. అందుకని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దొద్దు. ఆ దుమ్ము పిల్లల మెదడుకి చేటు చేస్తుంది. తడిపి గీకండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి, గీకిన పొట్టుని తడిగా ఉండగానే ఎత్తేయండి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు పెట్టుకోకండి.

ఇంకొకటి. పనికొస్తున్న వస్తువుని కొయ్యొద్దు. ఉయ్యాలబల్ల ఊగుతుంటే దాన్ని ఉయ్యాలబల్లగానే ఉండనివ్వండి. భోషాణం మూత సరిగ్గా పడుతుంటే అందులో దుప్పట్లు దాచుకోండి. మూత తీసి టీవీ స్టాండు చేయడానికి మనకి వేరే చెక్క దొరక్కపోదు.

భోషాణం అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పి తీరాలి. ఒక ఇంట్లో గోడకి గాజు ఫ్రేముల్లో తాటాకులు వరసగా వేలాడదీసి ఉండటం చూశాను. గంటంతో రాసిన తాళపత్రాలు. పెట్టెలో కట్టగా దొరికితే దారం విప్పేసి, ఆకుకొక ఫ్రేము కట్టించి, చుట్టాలకి పంచిపెట్టారట. దారం విప్పాక ఏ ఆకు తర్వాత ఏ ఆకో ఎవరు చెబుతారు? అది వైద్యమో, పురాణమో, ఊరి లెక్కలో, ఇక ఎవరికీ తెలియదు. అమ్మాయిలూ, మిమ్మల్ని వేడుకుంటున్నాను. రాత ఉన్న దేన్నీ అలంకారానికి వాడకండి. 1972 నాటి చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, విలువ ఉన్న రాతప్రతిని పురావస్తువుగా లెక్కిస్తారు. చట్టం సంగతి అలా ఉంచండి. ఈ కాకినాడలోనే ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉంది, అక్కడ తాళపత్రాలు దాచారు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. మీ ఇంట్లో కట్ట దొరికితే దారం ముట్టుకోకుండా తీసుకెళ్లి చూపించండి.

ఇక గుడ్డ.

బొంత కుట్టడం మీలో ఎంతమంది చూశారు? వెనక కూర్చున్న అమ్మలందరూ చూసే ఉంటారు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు నాలుగో అయిదో తీసుకుని, గంజి పోయేదాకా జాడించి, ఎండబెట్టి, చాప మీద ఒకదాని మీద ఒకటి ముడత లేకుండా పరుస్తారు. చిరిగినవి లోపలికి, బాగున్నవి పైకీ కిందకీ. కదలకుండా ముందు పొడుగు కుట్లు వేసుకుంటారు. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. నూలుతో నూలే కలపాలి. పట్టు, నూలు కలిపితే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి ముడుచుకోదు, బొంత ఉబ్బెత్తు పల్లాలుగా తయారవుతుంది. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, పసిబిడ్డ కింద వేయడానికి పనికిరాదు. కొత్త గుడ్డ ఒరుసుకుంటుందని మన ఇళ్లలో పుట్టిన బిడ్డని పాత చీర పొత్తిళ్లలోనే పడుకోబెట్టేవాళ్లు. మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్న ఈ పని, పాతదాన్ని కొత్తగా వాడటం, అది మన ఆడవాళ్లకి తెలియని రోజు లేదు.

గద్వాల చీర చూడండి. ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు. వేరువేరుగా ఉన్న ఆ రెంటినీ మగ్గం మీదే కలిపేస్తారు. ఏళ్ల తరబడి కట్టాక ముందు ఒళ్లు చిరుగుతుంది, అంచు, కొంగు నిలుస్తాయి. ఆ అంచు విప్పి తలుపు తెరలకి వేయొచ్చు, కొంగుతో గోడకి వేలాడే తెర చేయొచ్చు. కానీ జరుగుతున్నదేమిటి? వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వినిపిస్తుంది. మనం జరీ బరువు చూసి ఇచ్చేస్తాం. వాళ్లు ఆ జరీని కాల్చి వెండి తీస్తారు. మగ్గం గుంటలో కూర్చుని ఒక మనిషి నేసింది పొయ్యిలో బూడిదవుతుంది. డబ్బు అవసరం ఉన్నవాళ్లని నేనేమీ అనను. అవసరం లేనివాళ్లు మాత్రం ఆ కేక విని తలుపు తీయకండి. కొంగు కత్తిరించి దాచుకోండి.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ సభకి వచ్చాను.

మా ఊళ్లో కొంతమందిమి కలిసి బొంతలు కుడుతున్నాం. అందులో అందరికన్నా పెద్దావిడ, మేమంతా మామ్మ అనే పిలుస్తాం. చదువు రాదు. ఆవిడ కుట్టు గీత పెట్టి గీసినట్టు ఉంటుంది, నేను అంత తిన్నగా కుట్టలేను. మేం ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి బొంతకీ ఒక మూలన ఎర్ర దారంతో కుట్టినవాళ్ల పేరు, ఊరు, లోపల ఉన్న చీరలు ఎవరివో వాళ్ల పేరు కుట్టాలని. మామ్మకి అక్షరాలు రావు కదా, మనవరాలు పెన్సిల్‌తో రాసిపెడితే ఆవిడ ఆ గీతల మీద కుట్టేది. ఆ నాలుగు అక్షరాలకి పట్టే సేపులో ఒక వరస బొంత కుట్టేయొచ్చు. అయినా కుట్టేది.

పట్నంలో ఒక పెద్ద షాపు వాళ్లు మా బొంతలు తీసుకున్నారు. కొన్నాళ్లకి మా అమ్మాయి ఫోన్లో వాళ్ల ఫోటోలు చూపించింది. అందమైన మంచం, దాని మీద మామ్మ బొంత. మూలన ఎర్ర దారం లేదు. అక్కడ షాపు పేరు నేసిన తెల్ల పట్టీ ఉంది. పేరు ఊడదీసి పట్టీ వేశారు. వెల చూస్తే మాకిచ్చిన దానికి ఎన్నో రెట్లు. ఫోన్ చేసి అడిగితే "కస్టమర్లకి తెలుగు అక్షరాలు క్లీన్‌గా అనిపించవు మేడమ్" అన్నారు. వినండి ఆ మాట. కుట్టినావిడ పేరు వాళ్లకి మరకలా కనిపించింది!

నేను ఈ సంగతి మామ్మకి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. చెప్పాక ఆవిడ కాసేపు ఆ ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసింది. "దారం లాగేసిన చోట గుడ్డ పలచబడి ఉంటుందే. కింద ఇంకో ముక్క వేసి కుట్టారా, ఊరికే పట్టీ అతికించారా? ఊరికే అతికిస్తే రెండు ఉతుకులకి చిల్లు పడుతుంది, కొన్నవాళ్లు ఏమనుకుంటారు?" అంది. తన పేరు పోయిందని ఒక్క మాట అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మంచం మీద తన బొంతకి చిల్లు పడకూడదని ఆవిడ బాధ. ఆ మనిషికి మాత్రం ఈవిడ ఉందనే తెలియదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. తగ్గకూడదనే అనుకుంటున్నాను.

మేం ఆ షాపుకి ఇవ్వడం మానేశాం. ఆదాయం పడిపోయింది, నిజమే. పేరు ఉంచితేనే ఇస్తామని అడిగిన ప్రతివాళ్లకీ చెబుతున్నాం. ఉంచుతామన్నవాళ్లు ఒకరొకరుగా దొరుకుతున్నారు.

బెంగాల్లో కూడా ఇలాగే పాత చీరలు పొరలుగా వేసి కాంతాలు కుడతారు, పాత చీర అంచు నుంచి లాగిన దారంతోనే కుట్టేవాళ్లు. గురుసదయ్ దత్ అనే బ్రిటిష్ కాలపు ఐసీఎస్ అధికారి ఊరూరా తిరిగి వాటిని సేకరించారు. కోల్‌కతా దగ్గర జోకాలో ఆయన పేరున మ్యూజియం ఉంది. అక్కడ మానదాసుందరి అనే ఆవిడ తన తండ్రి కోసం కుట్టిన కాంతా ఉంది. ఆ సంగతి ఆవిడ కుట్టులోనే రాసుకుంది. రాసుకుంది కాబట్టి ఆ తల్లి పేరు ఇవాళ కాకినాడలో నేను పలకగలుగుతున్నాను. మన బొంతలు ఏ మ్యూజియంలో ఉన్నాయి? మీ అమ్మమ్మ కుట్టిన బొంత ఇప్పుడు ఎక్కడుంది? అటకెక్కిందా, వాకిట్లో కాళ్లు తుడుచుకునే గుడ్డ అయిందా? ఇంటికెళ్లి వెతకండి. దొరికితే ఉతికి, మూలన ఆవిడ పేరు మీరే కుట్టండి.

చీటీ వచ్చింది, టైమ్ అయిపోయిందని. ఇత్తడి గురించి రెండే మాటలు. గంగాళానికి అడుగున బరమాతో చిల్లు పెట్టి పూలకుండీ చేయకండి. లోపల ఇంకో చిన్న కుండీ పెడితే అదే పని జరుగుతుంది, గంగాళం గంగాళంగా మిగులుతుంది. పాత ఇత్తడి గిన్నెలో వండాలని ముచ్చటపడేవాళ్లు కళాయి, అంటే లోపలి తగరం పూత, ఉందో లేదో చూసుకోండి. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాయకూడదు, రాగి పులుపులోకి దిగుతుంది. గిన్నె కాల్చి, నవసాగరం అనే ఉప్పు చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా తిప్పే కళాయి పనివాళ్లు తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో ఒక్కరున్నా ఆయనకి పని ఇవ్వండి, ఆయన ఎలా చేస్తున్నాడో ఫోన్లో తీసి దాచండి.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క నిమిషం. రిబ్బన్ కత్తిరించమని కత్తెర నా చేతికిచ్చారు. అమ్మాయిలూ, ముందు ఆ హాల్లో ఉన్న ప్రతి వస్తువుకీ ఒక చీటీ కట్టండి. వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరింటిది, ముందు ఎవరు చేశారు, ఇప్పుడు ఎవరు మార్చారు, పనికి కూలి ఎంత పడింది. తెలియని చోట ఖాళీ వదిలేయండి, రేపు ఆ కొట్టువాణ్ని అడిగి నింపండి. అట్ట చీటీలు, పురికొస దారం నా సంచిలో తెచ్చాను. చీటీలు కట్టడం అయ్యాకే రిబ్బన్ కత్తిరిస్తాను. రండి, అందరం కలిసి కడదాం.