మూడో అంతస్తులో చప్పుడు

(అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, తెల్లారకముందే ముగ్గులేసిన పిల్లలకి, ఈ మైకు మోసుకొచ్చిన వాచ్‌మన్‌కి కూడా. ఎవరినైనా మర్చిపోతే కింద భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

నన్ను 'ఆరోగ్యకరమైన ఆహారం' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఒప్పుకున్నది మాత్రం వేరే పని మీద. పోయిన నెల లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు కదా, 'మూడో అంతస్తులో పొద్దున్నే మెషిన్ చప్పుడు' అని? ఆ మెషిన్ నాదే. దాంట్లో గోధుమలు పట్టుకుంటాను. ఇంట్లో డబుల్ రొట్టె, అదే బ్రెడ్డు, చేయడానికి.

షాపులో పిండి దొరకదా అని మీరు అడగొచ్చు. మా కోడలూ అడిగింది. గోధుమ గింజలో సుమారు 83 శాతం తెల్లటి పిండి, 14 శాతం పొట్టు, మిగిలిన రెండు మూడు శాతం మొలక, అంటే గింజలో మొలకెత్తే భాగం. ఆ మొలకలో మంచి రుచి ఉంటుంది. దాంట్లో నూనె ఉంటుంది. పిండి పట్టాక ఆ నూనెకి గాలి తగులుతుంది, కొన్ని వారాలకి చేదెక్కుతుంది. అందుకే మైదాలో మొలకా ఉండదు, పొట్టూ ఉండదు. నెలలు నిలవ ఉండాలి కదా మరి.

ఇదివరకు మన వీధి మలుపులో గిర్నీ ఉండేది. డబ్బా మీద పేరు రాసి ఇచ్చి వచ్చేవాళ్లం. మనకన్నా ముందు ఎవరో శనగలు పట్టిస్తే మన పిండికి ఆ వాసన. అయినా చేతికి వెచ్చగా ఉండేది ఆ డబ్బా. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లమ్ముతున్నారు.

మా అమ్మ తెల్లవారుజామున ఇసుర్రాయి ముందు కూర్చునేది. జొన్నలు. పాట పాడుతూనే విసిరేది, వాడంతా వినపడేది. ఎవరూ కాగితం అంటించలేదు. ఆ రాయి ఇప్పుడు మా ఊళ్లో మెట్టు కింద ఉంది. తెచ్చుకుందామని పోయిన దసరాకి లేపబోయాను, నడుం పట్టేసింది. సరే, అది వేరే కథ.

నా మొదటి రొట్టె ఇటుక. నిజంగా. మనవడు దాంతో తలుపు ఆపాడు. తప్పు నాదే, మైదాకి పోసినన్ని నీళ్లే పోశాను. పొట్టు నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఇప్పుడు 500 గ్రాముల పిండికి 400 గ్రాముల దాకా పోస్తాను. తడిపి అరగంట వదిలేస్తాను. ఎండు పొట్టుకి అంచులు పదును, పిండి సాగకుండా కోసేస్తుంది. నానితే మెత్తబడుతుంది. ఇంకోటి, మెషిన్‌లోంచి పిండి వేడిగా వస్తుంది. చల్లారనివ్వండి. లేకపోతే మన ఏప్రిల్‌లో ఆ వేడికి ముద్ద తొందరగా పొంగి, గిన్నె దాటి గట్టు మీదికి పాకుతుంది.

బజారు బ్రెడ్డంత పొంగదు, అబద్ధమెందుకు? డబుల్ కా మీఠాకైతే అస్సలు పనికిరాదు. రంజాన్‌కి చేసి చూశాను, పాకంలో గంజిలా అయిపోయింది. ఇరానీ చాయ్‌లో ముంచుకుంటే మాత్రం... తిన్నవాళ్లు ఇక్కడ ముగ్గురున్నారు, చేతులెత్తండి! చూశారా, అధ్యక్షులు గారి చెయ్యి కూడా లేచింది.

అయ్యా, నా మెషిన్ తిరిగేది వారానికి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు. ఇకనుంచి పొద్దున తొమ్మిది దాటాకే వేస్తాను, కింద దుప్పటి మడిచి పెడతాను. మీరా కాగితం తీసేయండి.

కార్యదర్శి గారూ, చీటీ చూశాను, ఆపేస్తున్నాను. రొట్టె అక్కడ బల్ల మీద కోసి పెట్టాను. వెన్న మర్చిపోయాను, ఎవరైనా పైకెళ్లి మా ఫ్రిజ్‌లోంచి తెస్తారా?