కాయ వలిచిన చప్పుడు: శాంపిలింగ్ గురించి అమలాపురంలో చెప్పిన మాటలు

నమస్కారమండి. ఇందాక స్పీకర్లో ఒక చప్పుడు వినిపించాను కదా, వెనక బెంచీల్లో కొంతమంది వెంటనే నవ్వారు, గుర్తుపట్టేశారన్నమాట. దబ్, కర్ర్, టక్. గునపం మీద కొబ్బరికాయ పొడవడం, డొక్క మెలితిప్పి చీల్చడం, వలిచిన కాయని కుప్ప మీదకి విసరడం. మా వీధి చివర వలుపు చేసే బాబాయిని అడిగి ఫోన్లో రికార్డ్ చేశాను, ఒక కాయకి ఆయనకి పట్టింది అయిదు సెకన్ల పైన కొంచెం. ఈ అయిదు సెకన్లతోనే నేను మూడేళ్ళుగా నేర్చుకుంటున్నాను, ఇంకా అవ్వలేదు. ఈరోజు మీకు చెప్పాలనుకున్నది కూడా అదేనండి, వెయ్యి శాంపిల్స్ ఉన్న ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుని వెయ్యీ ఒక్కోసారి విని పక్కన పడేసేకంటే, మీ ఊరి చప్పుడు ఒకటి పట్టుకుని దాని లోపలికి దిగితే శాంపిలింగ్ మొత్తం అక్కడే దొరుకుతుంది.

శాంపిలింగ్ అంటే రికార్డ్ చేసిన శబ్దంలోంచి ఒక ముక్క తీసుకుని దాన్ని వాయిద్యంలా వాయించడం. కొత్తవాళ్ళు ఇక్కడ ఒక చోట తికమక పడతారు, ఆ ముక్కనీ శాంపిల్ అంటారు, కంప్యూటర్ శబ్దాన్ని కొలిచే ఒక్కో కొలతనీ శాంపిల్ అనే అంటారు. సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 సార్లు కొలవడం. అన్నిసార్లు ఎందుకంటే మనిషి చెవి వినగలిగేది దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా (అంటే సెకనుకి 20,000 కంపనాలు), ఏ శబ్దాన్నయినా సరిగ్గా పట్టుకోవాలంటే దాని ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అంతే, దీని గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు.

ఇదంతా అమెరికాలో ర్యాప్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు గానీ కాదండి. 1944లో కైరోలో హలీమ్ ఎల్ దబ్ అనే ఆయన వైర్ రికార్డర్ ఒకటి అరువు తెచ్చుకుని, ఆడవాళ్ళు చేసే జార్ అనే తంతు పాటల్ని రికార్డ్ చేసి, తర్వాత స్టూడియోలో ఎకో పెంచి తగ్గించి ఆ గొంతుల్ని వేరే ఏదోలా మార్చేశాడు. ఆ తర్వాత 1948లో పారిస్‌లో పియర్ షేఫర్ రైళ్ళ చప్పుళ్ళు మాత్రమే పెట్టి ఒక రచన చేశాడు. ఇది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టు అయిపోయింది, ఎందుకంటే మన హేవలాక్ బ్రిడ్జి మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి, కింద గోదారి, ఆ ఇనప చప్పుడు రాజమండ్రిలో మా అమ్మమ్మగారింటి దాకా వినపడేది, దాన్ని నేనయితే పట్టుకోలేకపోయాను. ఇప్పుడు మీ ఊళ్ళో వినపడుతున్న వాటిలో ఏది ఇంకో పదేళ్ళు ఉంటుందో ఎవరికి తెలుసు, రేవులో పంటు ఇంజను, లాకుల దగ్గర తలుపులెత్తే చప్పుడు, సంక్రాంతి నెలలో హరిదాసు గారి చిడతలు, అన్నీ పోకముందే పట్టుకోండి.

సరే రికార్డింగ్. ఫోన్ చాలండి, నిజంగా చాలు. కానీ ఫోన్లో ఉండే మామూలు వాయిస్ రికార్డర్ మాటల కోసం చేసింది, చుట్టూ ఉన్న శబ్దాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది, మీకు కావల్సిందే ఆ రొద. అందుకని శబ్దాన్ని కుదించని వేవ్ ఫైల్ ఇచ్చేది, నాయిస్ తగ్గించడం ఆపుకోనిచ్చేది ఏదైనా యాప్ వేసుకోండి. స్టీరియోలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది, కానివ్వండి. వాట్సాప్‌లో వాయిస్‌లాగా పంపితే నలిగిపోతుంది, పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి. లెవెల్ మీటర్ పైన అంటుకోకూడదు, ఒకసారి పగిలిన శబ్దం మళ్ళీ అతకదు, పై గీతకి ఓ 6 డెసిబెల్స్ కిందే ఉంచుకోండి. కాలవగట్టు మీద గాలెక్కువ, మైకు దగ్గర పల్చటి చేతిరుమాలు ఒక మడత చుడితే ఆ బుసబుస చాలావరకు తగ్గుతుంది. చప్పుడు అయిపోయాక కూడా పది సెకన్లు ఆపకండి, ఆ ఖాళీ చోటు శబ్దం తర్వాత చాలా అవసరం పడుతుంది.

తర్వాత కోత. ఆడాసిటీ అని శబ్దాన్ని కోసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వస్తుంది, దాన్లో తెరిచి దబ్ ఒకటి, కర్ర్ ఒకటి, టక్ ఒకటి విడివిడిగా కోయండి. మొదట్లో అందరికీ ఒకటే కష్టం, కోసిన చోట టిక్ మని ఒక పుల్ల విరిగినట్టు చప్పుడొస్తుంది, నేనయితే నా ఇయర్‌ఫోన్స్ పాడైపోయాయనుకుని కొత్తవి కొనబోయాను. కారణం ఏంటంటే అల పైకో కిందకో ఉన్నప్పుడు కోస్తే అది ఒక్కసారిగా సున్నాకి దూకాలి, ఆ దూకుడే మనకి టిక్‌లా వినపడుతుంది. అల మధ్య గీతని దాటే చోట చూసి కోయండి, లేదా చివర్న శబ్దం మెల్లగా తగ్గేలా 5 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టండి, పోతుంది. మొదలు కోసేటప్పుడు మాత్రం చెయ్యి జాగ్రత్త, దబ్ లో ఉన్న ప్రాణమంతా మొదటి 20, 30 మిల్లీసెకన్లలోనే ఉంటుంది, అది కాస్త ఎక్కువ కోసేస్తే గునపం పోయి దిండు మీద గుద్దినట్టు అయిపోతుంది.

ఇంక శ్రుతి. ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్ళకి సులువు. శాంపిల్‌ని రెట్టింపు వేగంతో తిప్పితే తారస్థాయికి వెళ్తుంది, సగం వేగంతో తిప్పితే మంద్రానికి దిగుతుంది, మధ్యలో 12 స్వరస్థానాలు, ఒక్కో మెట్టుకి వేగాన్ని సుమారు 1.0595తో హెచ్చవేయడమే. కీబోర్డ్ శాంప్లర్ లోపల చేసే పని ఇదే. బాబాయి టక్ ని నేను ఏడు మెట్లు దించాను, టెంకాయ కాస్తా చెక్క డోలులా అయింది. కానీ వీణ తీగ ఒక్కటి మీటి రికార్డ్ చేసి దాన్నే కీబోర్డ్ అంతా పరిచేసి మోహన రాగం వాయిస్తానంటే కుదరదు, స్వరాలు వస్తాయి, రాగం రాదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ ఒక్కసారి వినండి, ఆ తర్వాత ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు గారిది వినండి, వాళ్ళు మెట్టు మీద తీగ లాగి ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి పాకే ఆ దారిలోనే రాగం ఉంటుంది. పైగా గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఉన్న ముక్కని పైకి జరిపితే దాంతోపాటు ఊపు కూడా వేగం అయిపోతుంది, మనిషి వణుకుతున్నట్టు ఉంటుంది. అందుకే మన సంగీతాన్ని శాంపిల్ చేసేటప్పుడు విడి స్వరం కాదు, స్వరాలు కలిసి నడిచే ప్రయోగం మొత్తం రికార్డ్ చేయించుకోవాలి, సగమపలా పొట్టి పొట్టి సంచారాలు, ఒక్కోటి రెండు మూడు శ్రుతుల్లో. పని ఎక్కువే, వేరే దారి మాత్రం నాకు కనపడలేదు.

లయ దగ్గరికొద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 దెబ్బలు, అంటే ఒక దెబ్బకి 667 మిల్లీసెకన్లు, 60ని 90తో భాగించడమే. ఎనిమిది దెబ్బలకి 5.33 సెకన్లు. బాబాయి ఒక కాయ వలిచే టైము కొలిస్తే దాదాపు అదే వచ్చింది, అంటే ఆయనకి తెలీకుండానే కాయకో ఆది తాళం ఆవర్తనం నడుపుతున్నారు, ఆ రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు. ఆ ముక్కని లూప్ చేసి, దెబ్బ దెబ్బకీ ముక్కలుగా కోసి, వేలితో కొట్టే ప్యాడ్ల మీద పెట్టి వరస మార్చి వాయించడాన్నే చాపింగ్ అంటారు. కోలా లాంటి ఫోన్ యాప్‌లో కూడా చేయొచ్చు, కంప్యూటర్లో పాట కట్టే ఎఫ్ఎల్ స్టూడియో ఉంటే దాన్లో స్లైసెక్స్‌లో వేస్తే అదే కోసిపెడుతుంది, కానీ మొదటి నెల చేత్తోనే కోయండి, చెవికి పని అలవాటవుతుంది.

ఇప్పుడు క్వాంటైజ్ అనే బటన్ ఉంటుంది, మీరు వాయించిన ప్రతి దెబ్బనీ గీత మీదకి లాగి నిలబెడుతుంది. కొత్తల్లో అందరం అది నొక్కేస్తాం, పాట మిషన్ కుట్టినట్టు వస్తుంది. 1988లో వచ్చిన ఎంపీసీ 60 అనే ప్యాడ్ల శాంప్లర్‌లో దాన్ని రూపొందించిన రోజర్ లిన్ పెట్టిన స్వింగ్ అనే సంగతి దీనికోసమే, జంటలో రెండో దెబ్బని కాస్త వెనక్కి జరుపుతుంది, 50 శాతం అంటే తిన్నగా, 66 దగ్గరికొస్తే మూడేసి లెక్కన నడిచే తిశ్రం నడక. అమెరికాలో హిప్‌హాప్ బీట్లు కట్టిన జే డిల్లా అయితే దెబ్బల్ని గీతకి కాస్త అటూ ఇటూగా ఉంచేవాడు, ఆయన ఎంపీసీ 3000ని ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ మ్యూజియంలో పెట్టారు. మన పల్లెల్లో గరగలు ఆడేటప్పుడు డప్పు వినండి, దెబ్బ ఎక్కడ ఆలస్యం అవుతోందో, ఆ ఆలస్యానికి ఆడేవాడి మడమ ఎలా ఆగుతోందో చూడండి, మీ స్వింగ్ శాతం అక్కడ కొలుచుకోండి.

ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. నేను మొదట్లో ఒక పెళ్ళిలో డోలు వాయించే పెద్దాయన జతి ఒకటి ఫోన్లో పట్టుకుని, ఆయన్ని అడగలేదు, బీట్ చేసి స్నేహితులకి ఇచ్చాను, అది డీజేలకి వెళ్ళింది. ఏడాది తర్వాత ఇంకో పెళ్ళిలో ఆ డీజే పాట మోగుతుంటే ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నారు, ఆ పెళ్ళికి డోలు పెట్టలేదు, డీజే ఒక్కటే, ఆయన భోజనానికి వచ్చారు. నన్ను పిలిచి "బాబూ, ఇది నా చెయ్యేనా?" అని అడిగారు. అవునండి అన్నాను. ఆయన తిట్టలేదు, చెయ్యి అలా ఒళ్ళో పెట్టుకుని పాట అయ్యేదాకా విన్నారు. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగి, డబ్బులిచ్చి మళ్ళీ కూర్చోబెట్టి సరిగ్గా రికార్డ్ చేసుకున్నాను, ఇప్పుడు ఆయన పేరు లేకుండా ఆ దెబ్బ నా దగ్గర్నుంచి బయటికి వెళ్ళదు.

ప్రపంచంలో బాగా ఎక్కువసార్లు వాడిన డ్రమ్ ముక్క ఒకటుంది, ఆమెన్ బ్రేక్ అంటారు, 1969 నాటి రికార్డులో గ్రెగరీ కోల్మన్ వాయించిన నాలుగు బార్లు (నాలుగేసి దెబ్బల వరసలు), ఆరేడు సెకన్లు. వేల పాటల్లో ఉంది. ఆయన 2006లో చనిపోయాడు, రాయల్టీ కింద రూపాయి రాలేదు. 1991లో న్యూయార్క్ కోర్టు, అడగకుండా శాంపిల్ వాడిన బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసులో తీర్పిచ్చాక, అమెరికాలో ముందే అనుమతి తీసుకోవడం గట్టిగా అలవాటైంది. మన దగ్గర కూడా కొన్ని సెకన్ల లోపు అయితే ఫ్రీ అని ఒక మాట తిరుగుతుంటుంది, 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి లెక్కేం లేదు. పాత పాట ముక్క వాడాలంటే రికార్డింగ్ హక్కు ఒకరిది, పాట రాసి బాణీ కట్టిన హక్కు వేరేవాళ్ళది, రెండూ అడగాలి, రికార్డింగ్‌కి 60 ఏళ్ళు ఉంటుంది. డోలు పెద్దాయన లాంటి వాయించేవాళ్ళకి కూడా అదే చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది, 38వ సెక్షన్. నాకు అప్పుడు తెలీదు, మీకు ఇప్పుడు తెలిసింది.

కాస్త చెయ్యి తిరిగాక ఏం చేయాలో త్వరగా చెప్తాను. ఒక దెబ్బనే మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా మూడు రకాల్లో రికార్డ్ చేసి, ఒక్కోదానికి మూడు నాలుగు కాపీలు కాదు, మూడు నాలుగు వేర్వేరు దెబ్బలు తీసుకుంటే, కీ ఎంత గట్టిగా నొక్కితే ఆ పొర మోగేలా పెట్టొచ్చు, వరసగా వాయించినా ఒకే దెబ్బ తిరిగి రాదు, మిషన్‌గన్‌లా వినపడదు. ఇంకోటి పాతకాలం పద్ధతి, 1987లో వచ్చిన ఎస్పీ 1200 అనే శాంప్లర్‌లో మొత్తం మెమరీ 10 సెకన్లే, అందుకని 33 స్పీడు గ్రామఫోన్ రికార్డుని 45లో తిప్పి పొట్టిగా ఎక్కించి లోపల మళ్ళీ దించుకునేవాళ్ళు, ఆ దించడంలో పుట్టిన గరగర కోసం ఇప్పుడు జనం డబ్బులు పెట్టి ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, కొంటున్నారు. ఫ్రీగా మీరే చేయొచ్చు, పైకి జరిపి ఎగుమతి చేసి మళ్ళీ కిందకి దించండి. గ్రాన్యులర్ అని ఉంది, శబ్దాన్ని 50 మిల్లీసెకన్ల లాంటి గింజలుగా చేసి ఒకదాని మీద ఒకటి పరవడం, బాబాయి కర్ర్ ని అలా చేస్తే శ్రుతిపెట్టెలా నిలిచిపోయింది, ఇందాక మీరు లోపలికి వస్తున్నప్పుడు మోగుతున్నది అదే, పీచు చీలిన చప్పుడు. పాటలోంచి గొంతు వేరుచేసే డీమక్స్ లాంటివి కూడా వచ్చాయి, గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు గదుల్లో సర్దుతుంది, మన సన్నాయికి విడిగా గది లేదు, మిగతావాటిలో పడిపోతుంది, ఆ పని ఎవరైనా మనవాళ్ళే చేయాలి. ఇక ఏదైనా చేశాక వెంటనే ఫైనల్ అనకండి, పులస పులుసు ముందు రోజు వండి మర్నాడు తిన్నట్టు, ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే వినండి.

చివరిది, ఇంపల్స్ రెస్పాన్స్. ఒక గదిలో టప్ మని ఒక్క పొట్టి చప్పుడు చేసి, ఆ గది దాన్ని ఎలా మోగించి ఎలా ఆర్పిందో రికార్డ్ చేస్తే, ఆ గది ఎకో మొత్తం ఒక ఫైలులోకి వచ్చేస్తుంది. తర్వాత కన్వల్యూషన్ రివర్బ్ అనే ఎకో ప్రోగ్రాములో అది పెడితే ఏ శబ్దాన్నయినా ఆ గదిలో ఉన్నట్టు వినిపించొచ్చు. నేను ఒక పాత బియ్యం గోడౌన్‌ది తీసుకున్నాను, దాన్లో డోలు పెడితే దాదాపు నాలుగు సెకన్లు ఆరదు. ఈ హాలుకి ఎత్తు కప్పు ఉంది, మద్రాసు పెంకు, చెక్క దూలాలు, బాగుంటుంది. బెలూన్లు తెచ్చాను, అయిదు. వెనకున్న తమ్ముడూ, ఫ్యాన్లు ఆపెయ్యి, ఆ కిటికీ తలుపు కూడా కాస్త వేసెయ్యి అమ్మా, రోడ్డు మీద ఆటో వెళ్ళిపోనివ్వండి. అందరూ ఫోన్లు సైలెంట్‌లో పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. చెప్పులు కూడా కదపకండి, బెలూన్ పేలాక అయిదు సెకన్లు ఊపిరి బిగపట్టండి. ఒకటి, రెండు…