నిద్ర యాప్‌ని స్కోరు అడక్కండి, పని చెప్పండి

(తెర మీద: పొద్దున్నే ఫోన్‌లో కనిపించే నిద్ర గ్రాఫ్. నీలం, ఊదా రంగుల గళ్లు. పైన పెద్ద అక్షరాల్లో "స్కోరు 61".)

"రాత్రి నాకు డీప్ స్లీప్ 42 నిమిషాలే వచ్చింది, దాన్ని పెంచుకోవడం ఎలా?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. పాపం, అడిగినవాళ్ల తప్పేం లేదు. 42 అని నిమిషాలతో సహా తేల్చి చెప్పిన ఆ యాప్ ధైర్యం చూస్తేనే మంట.

ల్యాబ్‌లో డీప్ స్లీప్‌ని ఎలా పట్టుకుంటారో చూడండి. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు. కళ్ల పక్కన ఇంకో రెండు పెట్టి కనుగుడ్ల కదలిక చూస్తారు. గడ్డం కింద కండరం బిగువు కూడా చూస్తారు. ఇవన్నీ కలిపి ప్రతి 30 సెకన్ల ముక్కకీ ఇది ఫలానా దశ అని రాస్తారు. మీ పరుపు మీద పడున్న ఫోన్‌కి వీటిలో ఒక్కటీ అందదు. దానికి తెలిసింది కదలిక ఒక్కటే. మైక్ ఆన్‌లో ఉంటే చప్పుడు కూడా వింటుంది. వాచీ అయితే నాడి కూడా చూస్తుంది, కాబట్టి కాస్త నయం. కానీ రెండూ చేసే తప్పు ఒక్కటే. కదలకుండా పడుకుని పైకప్పు చూస్తున్నా సరే, నిద్రపోతున్నారనే రాసేసుకుంటాయి. నిద్రలో ఉన్న సమయాన్ని బాగానే గుర్తుపడతాయి, మెలకువగా పడుకున్న సమయాన్ని మాత్రం వదిలేస్తాయి. నిద్ర పట్టనివాళ్లకి కావలసిందేమో సరిగ్గా ఆ రెండోదే!

ఇంకా తమాషా ఏంటంటే, ఈ స్కోరు గురించి బెంగపెట్టుకుని నిద్ర చెడగొట్టుకునే స్థితికి ఒక పేరు కూడా పెట్టారు: ఆర్థోసోమ్నియా. 2017లో వైద్య పత్రికలోకి ఎక్కిన మాట అది. హాయిగా లేచిన మనిషి కూడా 61 అని చూడగానే నీరసపడిపోతాడు.

(తెర మీద: ఒక బావి బొమ్మ. అడుగున ఊట.)

ఈ బావిని గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీరు లేచిన క్షణం నుంచి ఈ బావిలో నీళ్లు, అంటే నిద్ర కావాలనే ఒత్తిడి, ఊరుతుంటాయి. మెలకువగా ఉన్న ప్రతి గంటా కాస్త కాస్త. రాత్రి అయ్యేసరికి నిండుతుంది, మీరు నిద్రపోయి తోడేస్తారు. సాయంత్రం 6 గంటలకి ఒక గంట కునుకు తీశారా, రెండు బొక్కెనలు ముందే తోడేశారు. రాత్రి 11కి బొక్కెన దించితే అడుగు తగులుతుంది. మరి కాఫీ? కాఫీ నీళ్లు తోడదు. నీళ్ల మీద ఆకులు పరుస్తుంది. నీళ్లు ఉంటాయి, మీకు కనబడవు. ఆ ఆకులు పక్కకి తొలగడానికి చాలా టైమ్ పడుతుంది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు. సాయంత్రం 5కి 100 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే రాత్రి 10కి ఇంకా 50 మిగిలే ఉంటుంది.

ట్రాకర్ యాప్ అంటే తాడుకి ముడులు వేసి బావి లోతు చూడటం. అది కూడా చీకట్లో, చేత్తో తడుముతూ. ఎన్నిసార్లు తాడు దించినా ఊట పెరగదు కదా!

ఈ బావికి ఒక మూత కూడా ఉంది. అది ఒంట్లో గడియారం చెప్పిన టైముకే తెరుచుకుంటుంది. ఊట, మూత రెండూ కలిస్తేనే నిద్ర. నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా స్థూలంగా ఇదే, బావి మాత్రం నాది. యవ్వనం మొదలవగానే ఈ మూత ఆలస్యంగా తెరుచుకోవడం మొదలవుతుంది. 16 ఏళ్ల కుర్రాడికి రాత్రి 11 దాటినా నిద్ర రావట్లేదంటే అందులో ఫోన్ పాత్ర ఉండొచ్చు, కానీ ఒంట్లో మార్పు పాత్ర కూడా ఉంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు, ఆపైన 25 వరకు 7 నుంచి 9 గంటలు కావాలి. మూత ఆలస్యంగా తెరుచుకుంటుంది, పొద్దున అలారం మాత్రం ఆలస్యంగా మోగదు. మధ్యలో నలిగేది వీళ్లే.

అందుకే "రేపటి నుంచి 9:30కి పడుకో" అని గుర్తుచేసే యాప్‌లు వీళ్ల దగ్గర ఫెయిలవుతాయి. మామూలుగా నిద్ర పట్టే సమయానికి ముందు రెండు మూడు గంటలు ఒళ్లు బాగా చురుగ్గా ఉంటుంది. ఆ టైములో మంచం ఎక్కితే మూసిన మూత మీద బొక్కెన కొట్టినట్టే.

సరే, మరి ఏ యాప్ పనికొస్తుంది? పొద్దున్నే మిమ్మల్ని ప్రశ్నలు అడిగేది. అంటే నిద్ర డైరీ రాయించేది. ఆ డైరీ చూసి మీరు మంచం మీద ఉండాల్సిన గంటలు లెక్కకట్టేది. ఈ పద్ధతిని సీబీటీ-ఐ అంటారు, అంటే నిద్రలేమికి ఆలోచనలూ అలవాట్లూ మార్చి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పెద్దవాళ్లలో దీర్ఘకాలంగా ఉన్న నిద్రలేమికి మందుల కంటే ముందు దీన్నే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. అమెరికాలో మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ శాఖ తయారుచేసిన ఇన్సోమ్నియా కోచ్ యాప్ ఇలాంటిదే, ఉచితం, వారాల వారీగా నడిపిస్తుంది. యాప్ పేరు పెద్ద విషయం కాదు లెండి. ఈ లెక్క తెలిస్తే కాగితం మీద కూడా చేసుకోవచ్చు.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మనం "పదిన్నరకి పడుకున్నా" అంటాం. పడుకోవడం అంటే నడుం వాల్చడమా, నిద్రపోవడమా? మన మాటలో రెండూ ఒకటే. డైరీలో అవి మూడు వేర్వేరు గళ్లు: మంచం ఎక్కిన టైమ్, లైటూ ఫోనూ ఆపి నిద్రకి ప్రయత్నించిన టైమ్, ఆ తర్వాత నిద్ర పట్టడానికి పట్టిన నిమిషాలు. మూడింటినీ "పదిన్నర" అని ఒకే మాటలో కలిపేస్తే ఆ తర్వాత యాప్ చెప్పేదంతా తప్పే. అలాగే పొద్దున: మెలకువ వచ్చిన టైమ్ వేరు, మంచం దిగిన టైమ్ వేరు.

(తెర మీద: ఒక రోజు డైరీ)

20 ఏళ్ల అమ్మాయి అనుకుందాం. మంచం ఎక్కింది 10:30. ఫోన్ పక్కన పెట్టింది 12:00. నిద్ర పట్టింది 12:45. మధ్యలో ఒక 15 నిమిషాలు మెలకువ. పొద్దున మెలకువ వచ్చింది 7:15. మళ్లీ ఫోన్ తీసి, మంచం దిగింది 8:00. మంచం మీద ఉన్నది తొమ్మిదిన్నర గంటలు, అంటే 570 నిమిషాలు. నిద్రపోయింది 6 గంటల 15 నిమిషాలు, అంటే 375. 375ని 570తో భాగించి 100తో గుణించండి: 66 శాతం. మంచి యాప్ చూపించే అసలైన అంకె ఇదే. 85 దాటితే బాగున్నట్టు.

ఇప్పుడు బావి దగ్గరికి రండి. ఈ అమ్మాయి బావిలో ఆరుంపావు గంటల నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్లని తొమ్మిదిన్నర గంటల మడిలోకి వదిలింది. అక్కడక్కడా తడి, మిగతాదంతా పొడి. ఆ పొడి జాగాలే 12 గంటలకి పొర్లడం, మధ్యరాత్రి లేవడం, పొద్దున దొర్లడం. చాలామంది ఏం చేస్తారు? నిద్ర చాలట్లేదని ఇంకా ముందే మంచం ఎక్కుతారు. అంటే మడిని ఇంకా పెద్దది చేస్తారు! సీబీటీ-ఐ చేసేది దీనికి పూర్తిగా తిరగేసి. మడిని కుదించు, నీళ్లు నిలవనీ, ఆ తర్వాత మెల్లగా గట్టు జరుపు.

ఒక్క రోజుతో లెక్క కట్టకూడదు. కనీసం వారం డైరీ రాసి సగటు తీయాలి. సగటు కూడా ఆరుంపావే వచ్చిందనుకోండి. ముందు లేచే టైమ్ ఖాయం చేయండి: 7:00. సెలవు రోజు కూడా అదే, మహా అయితే ఒక గంట అటూ ఇటూ. అక్కడి నుంచి వెనక్కి ఆరున్నర గంటలు లెక్కపెడితే 12:30. అంతకు ముందు మంచం ఎక్కకూడదు. వారం తర్వాత ఈ 390 నిమిషాల్లో 332 నిమిషాలో అంతకంటే ఎక్కువో నిద్రపోయిందా, 85 శాతం వచ్చినట్టే. ఇంకో 15 నిమిషాలు ఇవ్వండి, 12:15కి పడుకోవచ్చు. 80కీ 85కీ మధ్య ఉంటే ఈ వారం కూడా అదే టైమ్. 80 కంటే తక్కువైతే 15 నిమిషాలు కోత, కానీ ఎంత కోసినా 5 గంటల కిందికి దించకూడదు. చాలా ప్రోగ్రాములు ఐదున్నర దగ్గరే ఆగుతాయి.

మొదటి వారం నరకం. ఇది ముందే చెప్పని యాప్ మోసం చేస్తున్నట్టే. పగలు కళ్లు మూతలు పడతాయి, చిరాకు వస్తుంది. నాలుగో రోజుకి "ఇది నాకు పడట్లేదు" అని తీసేస్తారు, సరిగ్గా నీళ్లు నిలవడం మొదలయ్యే ముందు. ఈ వారంలో బండి నడపకండి, మెషీన్ల దగ్గర పని పెట్టుకోకండి.

కొందరు దీన్ని సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు: బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే జబ్బు) ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, నిద్రలో నడిచేవాళ్లు. 18 నిండనివాళ్లు కూడా నిద్ర గంటలు కోసే పని డాక్టర్ చెప్పకుండా చేయొద్దు. వాళ్లకి లేచే టైమ్ ఖాయం చేయడం, లేవగానే బయట వెలుతురులో కాసేపు ఉండటం, ఈ రెండూ చాలు మొదలుపెట్టడానికి. పొద్దుటి వెలుతురు ఆ మూత రాత్రి కాస్త ముందే తెరుచుకునేలా చేస్తుంది. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం అది యాప్ పని కాదు, డాక్టర్ పనే.

ఇక అందరూ పొరబడే చోటు. సుమారు 20 నిమిషాలు నిద్ర పట్టకపోతే మంచం దిగమని యాప్ చెబుతుంది. 20 అయిందో లేదో చూడటానికి ఫోన్ తీస్తారు. తీశారు కాబట్టి ఒక మెసేజ్. ఇంకేముంది, తెల్లారిపోతుంది! 20 అనేది అంచనా. "చాలాసేపైంది, విసుగొస్తోంది" అనిపిస్తే దిగిపోండి, మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు బరువెక్కాక రండి. డైరీ కూడా రాత్రి మధ్యలో నింపకండి. పొద్దున లేచిన గంటలోపు గుర్తున్నంతవరకు రాయండి. పది నిమిషాలు అటూ ఇటూ అయినా లెక్క చెడదు. రాత్రి మెలకువ వచ్చిన ప్రతిసారీ నొక్కమని బటన్ ఇచ్చే యాప్‌లు ఉన్నాయి చూడండి, ఆ బటన్ పెట్టినవాళ్లు రాత్రిళ్లు హాయిగా నిద్రపోయేవాళ్లే అయ్యుంటారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

నీలి కాంతి ఫిల్టర్: ఫోన్ తెర పసుపుగా మారితే నిద్ర వస్తుందని ఆశపెట్టుకోకండి. రాత్రి గంటల తరబడి ఈ-రీడర్‌లో చదివినవాళ్లని పుస్తకం చదివినవాళ్లతో పోల్చిన ల్యాబ్ పరీక్ష 2015లో వచ్చింది. అంతసేపు తెర వెలుతురు పడినా, ఈ-రీడర్‌వాళ్లకి నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలే ఎక్కువ పట్టింది. ఫోన్‌లో మిమ్మల్ని ఒంటిగంట దాకా కూర్చోబెట్టేది రంగు కాదు, "ఇంకొక్కటి చూసి పడుకుందాం" అనే మాట.

వాన చప్పుడు, ధ్యానం యాప్‌లు: వాడుకోండి, నష్టం లేదు. టైమర్ పెట్టండి, తెల్లవార్లూ మోగనివ్వకండి.

స్మార్ట్ అలారం: 7కి పెడితే 6:30 నుంచే మీరు కదిలినప్పుడు లేపేస్తుంది. లేచే టైమ్ ఖాయం చేసుకునే వాళ్లకి ఇదొక తలనొప్పి. ఆపేయండి.

మానేయడం: బ్రిటన్‌లో 26 యూనివర్సిటీల్లో 3,755 మంది విద్యార్థులతో ఇలాంటి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ మీద పరీక్ష జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. నిద్ర మెరుగైంది. కానీ ప్రోగ్రామ్ ఇచ్చినవాళ్లలో ఆరు సెషన్లూ తెరిచినవాళ్లు ఐదో వంతు కూడా లేరు. అందుకని స్నేహితులిద్దరు కలిసి మొదలుపెట్టండి, వారానికోసారి ఒకరి శాతం ఒకరు అడగండి.

పర్మిషన్లు: డైరీ యాప్‌కి మైక్, కాంటాక్ట్స్, లొకేషన్ ఎందుకు? అడిగితే ఇవ్వకండి.

చివరిది, ఫోన్ ఎక్కడ పెట్టాలి. ఛార్జింగ్‌లో ఉన్నదాన్ని దిండు కింద మాత్రం వద్దు, వేడెక్కుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే తప్ప అందని చోట పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బెడ్‌టైమ్ మోడ్ ఆన్ చేస్తే తెర నలుపూ తెలుపూ అవుతుంది, నోటిఫికేషన్లు ఆగుతాయి. కానీ డిస్టర్బ్ చేయొద్దు అనే సెట్టింగ్‌లో అలారాలకి మినహాయింపు ఉందో లేదో చూసుకోండి. అలారం కోసం విడిగా యాప్ వాడుతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో దానికి ఆంక్షలు తీసేయండి. లేకపోతే కొన్ని ఫోన్లు రాత్రి దాన్ని మూసేస్తాయి, పొద్దున మోగదు. ఇవన్నీ పెట్టాక రెండు నిమిషాల తర్వాతకి ఒక అలారం పెట్టి, స్క్రీన్ ఆపి, పట్టపగలే ఒకసారి మోగించి చూసుకోండి.