కారు చేతులు మారింది సరే, ఇన్సూరెన్స్ ఇప్పుడు ఎవరిది?

[తెర మీద: కారు డ్యాష్‌బోర్డు అరలో నాలుగు మడతలు పెట్టిన పాలసీ జిరాక్సు]

తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కారు బేరం ఎక్కడ జరిగినా ఈ రెండు మాటలు వినబడతాయి. "ఇన్సూరెన్స్ ఉందా అన్నా?" "ఉందప్పా, డిసెంబర్ దాకా ఫుల్ ఇన్సూరెన్స్." అంతే, ఆ మాట అక్కడితో అయిపోతుంది. జిరాక్సు అరలోకి పోతుంది. కొన్నాయన బండిని కాణిపాకమో, అలిపిరో తీసుకుపోయి పూజ చేయిస్తాడు, నిమ్మకాయలు తొక్కిస్తాడు. ఆ "ఫుల్" అన్న మాటలో సగం ఇప్పుడు నడవదని ఇద్దరికీ తెలీదు. అమ్మినాయన కూడా తనకు రావాల్సిన డబ్బును ఆ జిరాక్సుతో పాటే వదిలేసి పోతున్నాడు. ఈ తప్పు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. సరిచేయడానికి ఒక దరఖాస్తు చాలు కాబట్టి.

పాలసీ అంటే ఏంటి, థర్డ్ పార్టీ అంటే ఏంటి అని మొదటి నుంచీ చెప్పను, అవి మీకు తెలుసు. బండి చేతులు మారిన రోజు ఆ పాలసీకి ఏమవుతుందో, అదొక్కటే చెప్తా. దానికి మన జిల్లాలో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: పాడి ఆవు.

ఆవును అమ్మినారు అనుకోండి. చెవికి ఉన్న ట్యాగు ఆవుతో పాటే పోతుంది, దాన్ని పీకి ఎవరూ ఉంచుకోరు. డెయిరీలో దాణా అప్పు ఖాతా మాత్రం మీ పేరు మీద ఉంటుంది. కొన్నాయన పోయి "ఈ ఆవు నా దగ్గరుంది, ఆ ఖాతాలో నాకు దాణా రాయండి" అంటే రాయరు, ముందు తన పేరు ఎక్కించుకోవాలి. ఇక ఏడాదంతా పాలు పోసినందుకు వచ్చే బోనస్ మీ పాసుపుస్తకంలో పడుతుంది. దాన్ని ఆవు తోకకు కట్టి పంపిస్తారా? పంపరు కదా.

కారు పాలసీలో కూడా ఈ మూడూ ఉన్నాయి. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానిది, చెవి ట్యాగు. ఓన్ డ్యామేజ్, అంటే మన సొంత బండి నష్టానిది, దాణా ఖాతా. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేకుండా నడిపినందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పాసుపుస్తకం. ఒకే కాగితం మీద అచ్చయ్యాయి కాబట్టి జనం మూడింటినీ ఒకటే అనుకుంటున్నారు.

[తెర మీద: ట్యాగు ఉన్న ఆవు చెవి, పక్కన నంబర్ ప్లేటు]

ముందు ట్యాగు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 157. బండి యాజమాన్యం మారిన రోజు నుంచి ఇన్సూరెన్స్ కూడా కొన్నవాళ్లకు మారినట్టే లెక్క అంటుంది. "ఇంకేం, చట్టమే మార్చేసింది కదా" అని ఇక్కడే బోల్తా పడతారు. ఆ సెక్షన్ ఉన్నది థర్డ్ పార్టీ అధ్యాయంలో. బండి కింద పడినవాళ్లకు, బండి గుద్ది దెబ్బ తగిలినవాళ్లకు నష్టం జరగకూడదని పెట్టిన ఏర్పాటు అది. మీ బండి బాగుచేసుకోడానికి పెట్టింది కాదు. సుప్రీంకోర్టు 1995లోనే, కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో ఈ తేడా తేల్చి చెప్పింది: సొంత బండి డ్యామేజీ అనేది కంపెనీకీ యజమానికీ మధ్య ఒప్పందం, కొత్త యజమానిని కంపెనీ ఒప్పుకుంటేనే అది ఆయనకు వస్తుంది.

ఒక సంఘటన అనుకుందాం. కారు కొన్నారు, ఆర్‌సీ మీ పేరుకు మారింది, పాలసీ మాత్రం పాతాయన పేరు మీదే ఉంది. కుటుంబంతో కొండకు పోతున్నారు. రెండో ఘాట్ రోడ్డు మలుపులో ముందు కారు సడన్‌గా ఆగింది, మీరు దాని వెనక గుద్దారు. ముందు కారు డిక్కీ తలుపు, వెనక బంపర్ పోయాయి. అది థర్డ్ పార్టీ ఆస్తి నష్టం. ప్రైవేటు కారుకు 7.5 లక్షల దాకా పాలసీ చూసుకుంటుంది. మీ కారుకు బానెట్ లేచింది, రేడియేటర్ కారుతోంది, హెడ్‌లైట్ ఒకటి పగిలింది. షోరూముకు తీసుకుపోతే ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు వచ్చి మొదట అడిగేది ఆర్‌సీ, పాలసీ. పేర్లు చూస్తాడు. ఆర్‌సీలో మీరు, పాలసీలో ఇంకొకరు. పాతాయనకు ఆ బండి మీద ఇప్పుడు హక్కు లేదు, మీకూ కంపెనీకీ ఒప్పందం లేదు. క్లెయిమ్ తిరస్కరిస్తారు. అది దాణా ఖాతా, మీరు పేరు ఎక్కించుకోలేదు.

ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది బండికి కాదు, పాలసీలో పేరున్న మనిషికి. పేరు మారేదాకా కొన్నాయనకు ఆ 15 లక్షలు లేవు. నా దృష్టిలో రేడియేటర్ కన్నా ఇదే పెద్ద నష్టం.

మరి కొన్నవాళ్లు ఏం చేయాలి? 14 రోజుల్లో కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. కొత్త ప్రపోజల్ ఫారం, అమ్మకం రుజువు అంటే యాజమాన్యం మార్పుకు రవాణా శాఖకు ఇచ్చే 29, 30 ఫారాలు లేదా మారిన ఆర్‌సీ, పాత పాలసీ, ట్రాన్స్‌ఫర్ ఫీజు, వీటితో పాటు బోనస్ తేడా డబ్బు. ఈ తేడా డబ్బు అడిగితే చాలామంది "ఏజెంటు నన్ను దోచుకుంటున్నాడు" అంటారు. దోపిడీ కాదు, లెక్క చూడండి.

[తెర మీద: పాలసీ మొదటి పేజీ, ప్రీమియం పట్టిక, ఒక వరుస మీద పసుపు గీత]

ఈ వరుస చూడండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000. దాని కింద "నో క్లెయిమ్ బోనస్ 50 శాతం, తగ్గింపు 6,000". ఈ 6,000 పాతాయన ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి సంపాదించుకున్నది. మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, ఐదో ఏడాదికి 50. కొన్నాయనకు దాంట్లో వాటా లేదు. పాలసీలో ఇంకా 6 నెలలు మిగిలి ఉంటే 6,000లో సగం, 3,000, జీఎస్టీ కలిపి కడితే మిగతా కాలానికి ఓన్ డ్యామేజ్ మీ పేరుకు వస్తుంది. వేరేవాళ్ల పాసుపుస్తకంలోని బోనస్ మీరు వాడుకోలేరు, అంతే విషయం.

కొందరు ఆన్‌లైన్లో సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటూ, "పాత పాలసీలో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ఎంత?" అన్న చోట పాతాయన 50 శాతాన్ని నొక్కేస్తారు. దయచేసి చేయొద్దు. బోనస్ తప్పుగా చెప్పినట్టు తేలితే ఓన్ డ్యామేజ్ భాగం మొత్తం రద్దవుతుందని మీరు ఒప్పుకున్న డిక్లరేషన్‌లోనే ఉంటుంది. కంపెనీ పాత కంపెనీకి రాసి కనుక్కుంటుంది. ఆరు వేలు మిగిల్చుకోబోయి రెండు లక్షల క్లెయిమ్ పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు అమ్మినవాళ్ల వైపు. ఇక్కడ తప్పులు ఇంకా ఎక్కువ.

మొదటి తప్పు: "పాత కారు పాలసీ ఇంకా 8 నెలలుంది, కొత్త కారుకు అదే నడుస్తుందిలే." నడవదు. పాలసీలో రాసింది ఒక ఇంజిన్ నంబరు, ఒక ఛాసిస్ నంబరు. ట్యాగు లేని కొత్త ఆవుకు పాత ఆవు నంబరు చెప్తే పశువుల డాక్టరు ఒప్పుకుంటాడా? అదే తరగతి బండిని పాలసీలో మార్చుకునే పద్ధతి ఒకటి ఉంది, వెహికల్ సబ్‌స్టిట్యూషన్ అంటారు. కానీ పాత బండికి వేరే ఇన్సూరెన్స్ ఉందని రుజువు చూపించి, ప్రీమియం తేడా కట్టి, ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు జరిగిందని కంపెనీ ఇచ్చే కాగితం, తీసుకుంటేనే. దానంతట అది జరగదు. పైగా షోరూములో కొనే కొత్త కారుకు 2018 సెప్టెంబర్ 1 నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. పాత పాలసీని నమ్ముకుని వట్టిగా రోడ్డెక్కితే అది ఇన్సూరెన్స్ లేని బండే. మొదటిసారి దొరికితే 2,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ ఆస్తి నుంచే.

రెండో తప్పు: పాసుపుస్తకం వదిలేసి రావడం. కారు అమ్మగానే, అమ్మిన రుజువు చూపించి మీ కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్, అంటే ఆ బోనస్ మీదేనని రాసిచ్చే కాగితం, తీసుకోవాలి. మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకు అది చెల్లుతుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 24,000 అనుకుంటే, 50 శాతం లెటర్ చేతిలో ఉన్నవాళ్లు కట్టేది 12,000. షోరూములో మీరు అడగకపోతే కొటేషన్‌లో ఈ తగ్గింపు ఉండకపోవచ్చు, నోరు తెరిచి అడగండి. వేరే కంపెనీ పాలసీ తీసుకున్నా ఇది వర్తిస్తుంది. కారు బోనస్ కారుకే, స్కూటరుకు రాదు. పాల బోనస్ కోళ్ల ఫారానికి ఇవ్వరు. పాత కారు మీ పేరు మీదే నడుస్తుంటే ఒకే బోనస్‌ను రెండు బండ్లకు వాడలేరు. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యూవల్ చేయకపోతే బోనస్ సున్నా.

మూడో తప్పు అన్నిటికన్నా ప్రమాదం. ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, బండి బ్రోకర్‌కు ఇచ్చి, డబ్బు తీసుకుని ఇంటికి పోవడం. బ్రోకర్ దాన్ని ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్ముతారు. ఆర్‌సీ మాత్రం మీ పేరు మీదే. ఆవును అమ్మేశారు, ట్యాగు రికార్డులో మాత్రం మీ పేరే ఉంది, అది ఎవరి చేలోనో పడి పంట మేసింది. బందెలదొడ్డిలో కట్టేసినవాళ్లు దండుగ అడగడానికి ఎవరింటికి వస్తారు? రికార్డులో పేరున్నవాళ్ల ఇంటికే. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో, నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇదే చెప్పింది. కారు 2007లో అమ్మేశారు, తర్వాత చేతులు మారుతూ పోయింది, 2009లో ప్రమాదం జరిగింది. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని తీర్పు. బ్రోకర్‌ను, చివర నడిపినవాళ్లను వెతుక్కుంటూ తిరగాల్సిన గతి ప్రమాద బాధితులకు పట్టకూడదనేది కోర్టు చెప్పిన కారణం. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

కాబట్టి అమ్మేవాళ్లు: ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయండి. కొన్నవాళ్ల ఆధార్ జిరాక్సు తీసుకోండి. ఆర్‌సీ మారిందో లేదో రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి, "అయిపోయిందన్నా" అన్న బ్రోకర్ ఫోను మాటతో వదిలేయొద్దు.

[తెర మీద: గడియారం]

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్తా.

రెండేళ్ల కారు కొంటున్నారా? థర్డ్ పార్టీ మూడేళ్లది, ఓన్ డ్యామేజ్ ఏడాదిదే అయ్యుండొచ్చు. పాలసీ మీద రెండు ముగింపు తేదీలు ఉంటాయి, రెండూ చదవండి. ఓన్ డ్యామేజ్ గడువు దాటితే బండి తనిఖీ చేసి ఫోటోలు తీసుకున్నాకే కొత్తది ఇస్తారు.

బెంగళూరు, చెన్నై బండ్లు: 28వ ఫారం ఎన్‌ఓసీ, మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. నంబరు మారాక పాలసీలో కూడా మార్పించాలి. ప్రీమియం లెక్కలో ఆ రెండు నగరాలు 'A' జోన్, మన తిరుపతి, చిత్తూరు 'B' జోన్, ఓన్ డ్యామేజ్ రేటు వేరు. రిజిస్ట్రేషన్ ఇక్కడికి మారాక ఆ సంగతి అడగండి.

లోను ఉన్న బండి: బ్యాంకు ఎన్‌ఓసీ, 35వ ఫారం. ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేసి పాలసీలో ఉంచేస్తే, బండి పూర్తిగా పోయినప్పుడు డబ్బు బ్యాంకు దగ్గర ఇరుక్కుంటుంది.

సీఎన్‌జీ కిట్టు ఉంటే ఆర్‌సీలోనూ పాలసీలోనూ రెండు చోట్లా ఎక్కి ఉండాలి.

తెల్ల ప్లేటు కారు కొని రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి కొండకు బాడుగకు తిప్పుతున్నవాళ్లు: మీ పాలసీ సొంత వాడకానికి మాత్రమే. బాడుగలో ఉండగా డ్యామేజీ అయితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదొక్క కారణం చాలు. తిప్పాలంటే పసుపు ప్లేటు, కమర్షియల్ పాలసీ.

చివరగా, ఎండార్స్‌మెంట్ కాగితం మెయిల్‌లో వచ్చాక పేరొక్కటే చూసి మూసేయకండి. బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితంతో అంకె అంకె సరిచూడండి. ఎక్కువగా తప్పుపడేది సున్నా దగ్గర, దాన్ని "ఓ" అని కొట్టేస్తారు. తేడా కనిపిస్తే ఆ రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, ఆర్‌సీ ఫోటో జతచేసి.