ఆటోమేటిక్ వాన్ ఫ్రే మెషిన్ రివ్యూ: ల్యాబ్‌లో వాడాక నా అభిప్రాయం

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ యూనిట్‌ని కంపెనీవాళ్లు డెమో కోసం ఉచితంగా పంపారు, వాడాక తిరిగి ఇచ్చేయాలి. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు. స్పెసిఫికేషన్లన్నీ బ్రోషర్‌లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

వాన్ ఫ్రే అంటే, ఎలుక అరికాలిని ఎంత బలంతో నొక్కితే కాలు తీసేస్తుందో చూసి నొప్పిని అంచనా వేసే పరీక్ష. దాన్ని చేత్తో చేసినవాళ్లకి ఆ మెడనొప్పి తెలుసు. ఎలుక తీగల జల్లెడ లాంటి మెష్ మీద, మనం కింద. నైలాన్ ఫిలమెంట్ (సన్నని పోగు) వంగేదాకా అరికాలికి ఆనించి, కాలు లాక్కుంటుందేమో చూడాలి. 1890లలో ఈ పద్ధతి తెచ్చిన శాస్త్రవేత్త వాన్ ఫ్రే మొదట వాడింది వెంట్రుకలే. పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. పైగా నైలాన్ తేమని పీల్చుకుంటుంది, దాంతో అది వంగే బలం మారిపోతుంది. వైజాగ్‌లో వానాకాలం పని చేసినవాళ్లని అడగండి, ఫిలమెంట్‌ని తూకం మీద నొక్కి చూడకుండా మొదలుపెట్టరు.

ఈ మెషిన్‌లో ఆ గొడవ లేదు. సన్నని మెటల్ పిన్ కింద నుంచి లేచి, బలాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతుంది. కాలు తీయగానే ఆగి, ఎన్ని గ్రాముల దగ్గర తీసిందో రాసుకుంటుంది. నాకు బాగా నచ్చింది కెమెరా. స్క్రీన్ మీద అరికాలి మెత్తలు ఒక్కొక్కటీ కనబడతాయి, జాయ్‌స్టిక్‌తో పిన్‌ని సరిగ్గా వాటి మధ్యకి తీసుకెళ్లొచ్చు. కేబుల్ పొడవుగా ఉంది కాబట్టి నేను పక్క గదిలో కూర్చున్నాను. ఇది చిన్న విషయం కాదండీ. గదిలో మగవాళ్లు ఉంటే, వాళ్లు వేసుకున్న టీషర్ట్ పెట్టినా సరే, ఆ టెన్షన్‌కి ఎలుకల్లో నొప్పి స్పందన తగ్గుతోందని 2014లో నేచర్ మెథడ్స్ అనే సైన్స్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. మనిషి పక్కకి తప్పుకోగలిగితే అదే పెద్ద లాభం.

ఇక నా కోపం. కెమెరా గ్లాస్ సరిగ్గా మెష్ కిందే ఉంది. ఎలుక మూత్రం పోస్తుంది కదా! చుక్క గ్లాస్ మీద పడగానే అరికాలు మసకబారిపోతుంది. తుడవడానికి ట్రే లాగితే చప్పుడు, ఆ చప్పుడికి పక్క బాక్సుల్లో అప్పుడే కుదురుకున్నవి కూడా మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలుపెడతాయి. అవి సర్దుకునేదాకా ఆగాలి. గాజు కింద నుంచి అరికాలికి వేడి తగిలించి చూసే 1988 నాటి హార్‌గ్రీవ్స్ హీట్ టెస్ట్‌లోనూ గాజు మీద తడి ఉంటే వేడి అందే తీరు మారిపోతుంది, తుడవక తప్పదు. అన్నేళ్ల నుంచీ తెలిసిన ఇబ్బందికి ఈ డిజైన్‌లో ఒక వాలు మూత కూడా పెట్టలేదు.

రెండోది ఇంకా సీరియస్. కాలు ఎందుకు లేచిందో మెషిన్‌కి తెలియదు. ఎలుక ఊరికే ముందుకి నడిచినా నంబర్ రాసేసుకుంటుంది. నొప్పి పుట్టిన ఎలుక కాలు చటుక్కున లాక్కుని, విదిలించి, ఒక్కోసారి నాకుతుంది. లాక్కోవడం వరకైతే మెదడు ప్రమేయం లేకుండా వెన్నుపాము రిఫ్లెక్స్‌తోనే జరిగిపోవచ్చు, ఆ తర్వాత చేసేదే మనకి అసలు కబురు. హైస్పీడ్ వీడియోలో కాలు ఎంత ఎత్తుకి, ఎంత వేగంగా లేచిందో కొలిచి ఈ తేడా పట్టే పద్ధతి 2019లోనే వచ్చింది. కెమెరా పెట్టారు సరే, దాన్ని గురి చూడటానికే వాడితే ఎలా? ప్రతి ట్రయల్ క్లిప్ సేవ్ చేసే ఆప్షన్ కూడా లేదు. నేను ఫోన్ స్టాండ్ పెట్టి పక్క నుంచి రికార్డ్ చేసుకున్నాను, ఎలుక నడిచిన ట్రయల్స్‌ని లెక్కలోంచి నేనే తీసేశాను.

పాత డేటా ఉన్నవాళ్లకి ఒక మాట. 1994 చాప్లాన్ అప్-డౌన్ పద్ధతిలో (కాలు తీస్తే సన్న ఫిలమెంట్, తీయకపోతే మందంది వాడుతూ పోవడం) వచ్చే 50 శాతం థ్రెషోల్డ్‌నీ, అంటే సగం సార్లు కాలు తీసే బలాన్నీ, ఈ మెషిన్ ఇచ్చే గ్రాములనీ పక్కపక్కన పెట్టకండి. బలం పెంచుకుంటూ పోయే పద్ధతిలో అంకెలు సాధారణంగా ఎక్కువ వస్తాయి. స్టడీ మధ్యలో మారితే గ్రూపుల తేడా మందు వల్లో మెషిన్ వల్లో చెప్పలేరు.

మరి కొనాలా? ఆ కెమెరా గురి కోసమైతే నేను రేపే ల్యాబ్‌లో పెట్టుకుంటాను. కానీ క్లిప్ సేవ్ అయ్యే అప్‌డేట్ వచ్చేదాకా డబ్బు కట్టమని మా గైడ్‌కి చెప్పను. మీరు డెమో అడిగితే ఖాళీ బాక్స్‌తో చూపిస్తే ఒప్పుకోకండి. లోపల ఎలుకని పెట్టి, గ్లాస్ తడిసేదాకా నడిపించి చూపించమనండి.